రాయగడ పిన్‌కోడు 765001: ఒక సంఖ్యను విప్పిన డైరీ

పని ఇది. ఒడిశాలోని రాయగడ హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడును చిరునామాగా కాకుండా ఏడు లక్షల అరవై అయిదు వేల ఒకటి అనే సంఖ్యగా తీసుకుని, దాని గుణాలు తేల్చి, గోడకు తగిలించే చార్టు చెయ్యాలి. షరతు ఒక్కటే. చార్టు మీది ప్రతి వరుసనూ తొమ్మిదో తరగతి పిల్లలు కలం, కాగితం, కొట్లో లెక్కకు వాడే 12 అంకెల కాలిక్యులేటరుతో సరిచూసుకోగలగాలి. కంప్యూటరు చెప్పింది కాబట్టి నిజం అనే వరుస ఒక్కటీ ఉండకూడదు.

1వ రోజు: సంఖ్యను సరిగ్గా రాయడం

ఇది లెక్కలోకి రాని పని అనిపిస్తుంది గానీ, మొదటి తప్పు ఇక్కడే దొర్లుతుంది. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగులో పదుల స్థానం ముందు పలుకుతాం: అరవై, తర్వాత అయిదు. ఒడియాలో 65ను ‘పంచషఠి’ అంటారు, అయిదు ముందు, అరవై వెనక. ఒడియాలో చెప్పింది విని తెలుగు వరసలో రాస్తే 65 కాస్తా 56 అవుతుంది. సంఖ్య 756001 అవుతుంది. అది కూడా ఒడిశాలో ఉన్న పిన్‌కోడే, బాలేశ్వర్‌ది. అందుకే తప్పు కంటికి ఆనదు.

అంకెల మొత్తంతో పట్టుకుందామంటే కుదరదు. రెండింటికీ మొత్తం 19. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే (ఇక్కడ 9000), కాబట్టి తొమ్మిదితో చేసే పరీక్షకు ఈ తప్పు కనిపించదు. పదకొండుతో చెయ్యాలి. కుడి నుంచి ఒకటి కూడి, ఒకటి తీసేస్తూ పోతే 1−0+0−5+6−7 = −5, అంటే శేషం 6. తారుమారైన దానికి −7, అంటే శేషం 4. చార్టు మూలన ‘11తో శేషం 6’ అని చిన్న అక్షరాలతో రాసి పెట్టాం. ఎవరు ఎత్తి రాసుకున్నా ముందు ఇది చూసుకుంటారు. ఈ జాగ్రత్త ఎందుకంటే 756001 = 29 × 131 × 199. అది పూర్తిగా వేరే కుటుంబం. తప్పు సంఖ్యతో మొదలుపెడితే తర్వాత చేసిన లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా ఒక్క వరుసా నిలవదు.

పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. అంటే ఇక్కడ 765 ఒక ముక్క, 001 ఇంకో ముక్క. ఈ 765 మళ్ళీ అయిదో రోజు వస్తుంది.

2వ రోజు: కారణాంకాలు

874² = 763876, 875² = 765625. సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి 874 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 150. సంఖ్య ప్రధానమైతే 150 భాగహారాలూ చెయ్యక తప్పదు.

కాలిక్యులేటరు మీద శేషం తీసే పద్ధతి ముందే అందరూ ఒకటే పెట్టుకోవాలి. భాగించగా వచ్చిన దశాంశ భాగాన్ని మళ్ళీ భాజకంతో గుణిస్తే 51.999999 లాంటివి వస్తాయి, అది 51 అని ఒకరు, 52 అని ఒకరు రాస్తారు. దాని బదులు భాగఫలంలో పూర్ణాంకం మాత్రం ఉంచుకుని, భాజకంతో గుణించి, 765001 లోంచి తీసెయ్యాలి. ఒక మీట ఎక్కువ నొక్కాలి, వాదన తప్పుతుంది.

కొన్ని శేషాలు: 7కి 6, 13కి 3, 17కి 1 (17 × 45000 = 765000, ఇది నోటి లెక్క), 19కి 4, 37కి 26, 53కి 52. 53 దగ్గర ఒక్కటి తక్కువై తప్పింది. 59కి 7. తర్వాత 61:

61 × 12541 = 765001.

పద్దెనిమిదో ప్రధాన సంఖ్య దగ్గర తెగింది. జాబితాలో 51, 57 కూడా ప్రధానాలని రాసుకున్నవాళ్ళున్నారు. దానివల్ల నష్టం లేదు, రెండు భాగహారాలు దండగ, అంతే. జాబితాలో ఒక ప్రధానం జారిపోతేనే ప్రమాదం. అలా 61ని వదిలేసి 150 దాకా పోయినవాళ్ళకు ‘ఇది ప్రధాన సంఖ్య’ అనే అబద్ధం చేతికొస్తుంది.

12541 సంగతి తేల్చాలి. 112² = 12544, దానికి మూడే తక్కువ, కాబట్టి 111 వరకు చూడాలి. కానీ 61 కంటే చిన్న ప్రధానాలతో మళ్ళీ పని లేదు. వాటిలో ఏదైనా 12541ని భాగించి ఉంటే 765001ని కూడా భాగించి ఉండేది. మిగిలినవి పన్నెండే. శేషాలు వరసగా 61కి 36, 67కి 12, 71కి 45, 73కి 58, 79కి 59, 83కి 8, 89కి 81, 97కి 28, 101కి 17, 103కి 78, 107కి 22, 109కి 6. ఎక్కడా సున్నా లేదు. 12541 ప్రధానం. 61ని రెండోసారి పరీక్షించడం మరిచిపోకూడదు, 61² ఉండే అవకాశం ఉంది కదా.

ఇంకో దారి కూడా చూశాం. ఫెర్మా పద్ధతి: సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయడం. 875² − 765001 = 624. అయ్యో, 625 అయితే 25² అయ్యేది! ఆ ఒక్కటి తేడాకు కారణం ఉంది: 765000 = 850 × 900. మన సంఖ్య దానికి పక్కింటిదే గానీ చుట్టం కాదు. ఈ దారిలోనే పట్టుబట్టి పోతే 6301² − 6240² దగ్గర గానీ ఫలితం రాదు, అంటే 5427 ప్రయత్నాలు. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఫెర్మా పద్ధతి పనికొస్తుంది. ఒకటి 61, ఇంకోటి 12541 అయినప్పుడు మామూలు భాగహారమే మేలు.

3వ రోజు: కారణాంకాల నుంచి రాలే గుణాలు

ఇక్కడి నుంచి పని జోరందుకుంటుంది. రెండు ప్రధానాల లబ్ధం కాబట్టి సెమీప్రైమ్. ఏ వర్గమూ (1 తప్ప) దాన్ని భాగించదు. భాజకాలు నాలుగే: 1, 61, 12541, 765001. వాటి మొత్తం 62 × 12542 = 777604. తనను మినహాయిస్తే 12603, అది తనకంటే చాలా తక్కువ, కాబట్టి న్యూన సంఖ్య.

ఆ 12603కి మళ్ళీ అదే పని చేస్తూ పోవచ్చు. 12603 = 3 × 4201, మొత్తం 4205. 4205 = 5 × 29², మొత్తం 1+5+29+145+841 = 1021. అది ప్రధానం, కాబట్టి తర్వాత 1, ఆపైన 0. గొలుసు: 765001 → 12603 → 4205 → 1021 → 1 → 0. ఇంత పొట్టి గొలుసు చార్టుకు వరం. కొన్ని చిన్న సంఖ్యలకే, ఉదాహరణకు 276కి, ఈ గొలుసు ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

765001 కంటే చిన్నవై, దానితో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి 60 × 12540 = 752400.

వరస సంఖ్యల మొత్తంగా మూడు రకాలుగా రాయొచ్చు: 382500 + 382501, 12511 నుంచి 12571 దాకా 61 సంఖ్యలు, 6210 నుంచి 6331 దాకా 122 సంఖ్యలు.

4వ రోజు: అంకెల మీద ఆధారపడినవి

వీటిని చార్టులో వేరే రంగు పెట్టెలో పెట్టాలని నిర్ణయించాం. ఇవి సంఖ్య గుణాలు కావు, పదుల పద్ధతిలో దాన్ని రాసిన తీరు గుణాలు.

తిప్పి రాసి కూడితే 765001 + 100567 = 865568. ఒక్క అడుగులోనే ఎటు చదివినా ఒకటే. ఎక్కడా పది దాటి మిగులు పక్క స్థానానికి పోలేదు కాబట్టి అలా కుదిరింది. హర్షద్ సంఖ్య కాదు, అంకెల మొత్తం 19తో భాగిస్తే 4 మిగులుతుంది (ఈ పేరు పెట్టింది మహారాష్ట్ర దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్). అంకెల వర్గాలు కూడుతూ పోతే 111, 3, 9, 81, 65, 61, 37 అంటూ ఎప్పటికీ 1కి చేరని చక్రంలో పడుతుంది. దారిలో 61 కనపడిందని సంబరపడక్కర్లేదు, అది కాకతాళీయం.

స్మిత్ సంఖ్య అవుతుందేమోనని ఆశపడ్డాం. అంకెల మొత్తం 19, కారణాంకాల అంకెల మొత్తం 6+1+1+2+5+4+1 = 20. ఒక్కటి తేడాలో పోయింది. 1982లో గణితవేత్త విలాన్‌స్కీ తన బావమరిది స్మిత్ ఫోను నంబరు 4937775లో గమనించిన గుణం అది (3 × 5 × 5 × 65837, రెండు వైపులా 42). ఫోను నంబరుకు ఉన్న యోగం మన పిన్‌కోడుకు లేదు.

బైనరీలో 10111010110001001001. ఇరవై స్థానాలు, పది ఒకట్లు, పది సున్నాలు. సమతూకం.

5, 6 రోజులు: రెండు వర్గాల మొత్తం

ఈ ప్రాజెక్టులో అసలు సరుకు ఇది. 61, 12541 రెండూ 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధానాలు. అలాంటి ప్రతి ప్రధానాన్నీ రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయొచ్చు. చెప్పింది ఫెర్మా, నిరూపించింది ఆయిలర్. వెతికే తీరు: పెద్ద వర్గం నుంచి కిందికి దిగుతూ తీసెయ్యాలి. 12541 − 111² = 220, వర్గం కాదు. 12541 − 110² = 441 = 21². రెండో ప్రయత్నంలోనే దొరికింది. 61 = 6² + 5².

ఇప్పుడు వీటిని కలపడానికి బ్రహ్మగుప్తుడి సూత్రం (628 నాటిది). రెండు వర్గాల మొత్తాన్ని రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే వచ్చేదీ రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా:

5×110 − 6×21 = 424, 5×21 + 6×110 = 765
5×110 + 6×21 = 676, 6×110 − 5×21 = 555

అంటే 765001 = 765² + 424² = 676² + 555². ఇంకో విధం లేదు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, గుర్తులు. ఒక వరుసలో కూడితే పక్కదానిలో తీసెయ్యాలి. రెండింట్లోనూ కూడితే 676² + 765² వస్తుంది, అది పది లక్షలు దాటిపోతుంది, వెంటనే తెలిసిపోతుంది.

మొదటి వరుస చూడండి. 765001లో మొదటి మూడంకెలే వర్గం రూపంలో లోపల దాక్కున్నాయి! ఎందుకని వెనక్కి తవ్వాం. 765001 − 765² = 765 × 235 + 1. 765 = 9×5×17, 235 = 5×47. ముక్కలు మార్చి పేర్చితే (9×47) × (25×17) = 423 × 425, అది 424² − 1. చివరి 001లో ఉన్న ఒకటి వచ్చి ఆ లోటు పూడ్చింది. తపాలా శాఖకు ఈ సంగతి తెలిసి ఇచ్చిన నంబరు కాదు గానీ, చార్టులో పెద్ద అక్షరాలు దీనికే.

ఆరో రోజు తిరుగు దారి. రెండు జతలు మాత్రమే తెలిసి, కారణాంకాలు తెలియవనుకుందాం. ఆయిలర్ పద్ధతి: బేసిని బేసితో, సరిని సరితో జతకట్టాలి. 765 − 555 = 210, 676 − 424 = 252, వీటి గ.సా.భా 42. 210 ÷ 42 = 5, 252 ÷ 42 = 6. ఇక 765 + 555 = 1320, దాన్ని 6తో భాగిస్తే 220. ఫలితం (5² + 6²) × (21² + 110²), ఇక్కడ 21 అంటే 42లో సగం, 110 అంటే 220లో సగం. అదే 61 × 12541. మొదలుపెట్టిన చోటికి చేరాం. రెండో రోజు లెక్కకు ఇదే స్వతంత్ర సాక్ష్యం.

బ్రహ్మపురం 760001 దీనికి ఎదురు ఉదాహరణ. అది కూడా 4తో భాగిస్తే 1 మిగులుతుంది, చూపుకు అదే జాతి. కానీ 760001 = 11³ × 571. 11, 571 రెండూ 4తో భాగిస్తే 3 మిగిలే రకం, రెండింటి ఘాతాలూ బేసి. కాబట్టి రెండు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యం. చివరి అంకెలు చూసి తీర్పు చెప్పకూడదు, ముందు విప్పాలి.

7వ రోజు: కాగితం కోత

765 × 424, 676 × 555 మి.మీ. దీర్ఘచతురస్రాలు రెండూ కోస్తే కర్ణాలు సమానంగా రావాలి, 765001 వర్గమూలం, అంటే 874.64 మి.మీ. రెండోది 22 × 28 అంగుళాల చార్టులో పడుతుంది, వెడల్పులో నాలుగు మి.మీ. కూడా మిగలదు. మొదటిది పట్టదు, చార్టు పొడవు 711 మి.మీ. మాత్రమే. అతుకు వేస్తే అతుకు దగ్గర వంగుతుంది. బ్రౌన్ పేపరు చుట్ట నుంచి కొయ్యడమే నయం, ముందు రోజు రాత్రే విప్పి బరువు పెట్టి సాపు చెయ్యాలి.

లంబకోణం మీదే అంతా ఆధారపడి ఉంది. కోణం అర డిగ్రీ తప్పితే మొదటిదాని కర్ణం 3.2 మి.మీ., రెండోదాని కర్ణం 3.7 మి.మీ. తప్పుతుంది. జామెట్రీ పెట్టెలోని మూలమట్టం ఇంత పొడవుకు సరిపోదు. 300, 400, 500 మి.మీ. కొలతలతో మూల పెట్టి, కోశాక ప్రతి కాగితానికీ రెండు కర్ణాలూ కొలవాలి. అవి రెండూ సమానం కాకపోతే కోణం తప్పింది, సమానమై 874.64 రాకపోతే భుజం తప్పింది. ఏ తప్పో తెలిస్తే దిద్దడం తేలిక.

61 × 12541 కూడా కాగితం మీద చూపాలనుకున్నాం. 61 మి.మీ. వెడల్పు, 12.541 మీటర్ల పొడవు. దుకాణాల్లో బిల్లింగు మిషన్ రోలు 57 మి.మీ., నాలుగు చాలదు. పెద్ద సైజు రోలు తెచ్చి 61కి కోశాం. ఒక హెచ్చరిక: అది వేడికి నల్లబడే కాగితం. లామినేషన్ మిషన్‌లో పెడితే మొత్తం నల్లటి పట్టీ అయి బయటికొస్తుంది. ఎండ తగిలే గోడ కూడా వద్దు.

8వ రోజు: 2⁶⁰

ఒక్కో ప్రధానంతో భాగించి చూడకుండానే 61ని బయటికి లాగే పద్ధతి, 1974లో గణితవేత్త పొలార్డ్ చెప్పింది. 60ని ఎంచుకోవడానికి కారణం అది 1 నుంచి 6 దాకా అన్నిటికీ క.సా.గు కావడమే. 2⁶⁰ని 765001తో భాగిస్తే వచ్చే శేషం కావాలి. మెట్లు:

2²⁰ = 1048576, శేషం 283575.
283575² = 80414780625, భాగఫలం 105117, శేషం 170508. ఇది 2⁴⁰ది.
283575 × 170508 = 48351806100, భాగఫలం 63204, శేషం 682896.

ఒకటి తీసేస్తే 682895. దీనికీ 765001కీ గ.సా.భా: శేషాలు 82106, 26047, 3965, 2257, 1708, 549, 61, 0. వచ్చింది 61. ఎందుకు పని చేసిందంటే 61 − 1 = 60; 2⁶⁰ని 61తో భాగిస్తే 1 మిగలక తప్పదు. ప్రధానానికి ఒకటి తక్కువైన సంఖ్య చిన్న ముక్కలుగా విడిపోతేనే ఈ దారి తెరుచుకుంటుంది.

8 అంకెల కాలిక్యులేటరు రెండో మెట్టులోనే చేతులెత్తేస్తుంది. సైంటిఫిక్ కాలిక్యులేటరు మరీ మోసం. తెర మీద 8.041478063 × 10¹⁰ చూపిస్తుంది, దాన్ని చూసి రాసుకుంటే శేషం 170513 వస్తుంది. అయిదే తేడా, చూపుకు బాగానే ఉంటుంది, చివర గ.సా.భా మాత్రం రాదు. అందుకే ఈ లెక్కకు కొట్టు కాలిక్యులేటరే మేలు.

9వ రోజు: చార్టు మీద మాటలు

రెండు భాషల్లో రాయాలి కాబట్టి మాటల పట్టీ ముందు చేసుకున్నాం. ప్రధాన సంఖ్య ఒడియాలో ‘మౌళిక సంఖ్యా’, సంయుక్త సంఖ్య ‘జౌగిక సంఖ్యా’, కారణాంకం ‘గుణనీయక’. అసలు చిక్కు పొట్టి అక్షరాల్లో ఉంది. మన క.సా.గు వాళ్ళ ‘ల.సా.గు’. మన గ.సా.భా వాళ్ళ ‘గ.సా.గు’. తెలుగు వాళ్ళకు చివర ‘గు’ కనపడగానే గుణిజం అనిపిస్తుంది, అక్కడ అది గుణనీయక. ఎనిమిదో రోజు లెక్కలో గ.సా.గు అని చదివి గుణిజం వెతికితే ఎప్పటికీ 61 రాదు. చార్టులో పొట్టి రూపాలు తీసేసి పూర్తి మాటలే రాశాం.

శీర్షికలో ౭౬౫౦౦౧ అని తెలుగు అంకెల్లోనూ వేశాం. ౬, ౭ పక్కపక్కన ఉంటే దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ఆ వరుస కనీసం 8 సెం.మీ. ఎత్తు ఉండాలి.

కింద ఖాళీ పట్టీలో కర్ణం 765001 ఉన్న నాలుగు లంబకోణ త్రిభుజాల భుజాలు: 405449, 648720, 148951, 750360, 137951, 752460, 711199, 281820. మొదటి రెంటి భుజాలకు ఉమ్మడి భాజకం లేదు. మిగతావి 11-60-61ని 12541 రెట్లు, 11659-4620-12541ని 61 రెట్లు పెంచినవి.

తర్వాతి చార్టుకు జయపురం 764001 = 3² × 7 × 67 × 181, భాజకాలు 24. దాని పక్కన పర్లాకిమిడి 761200 = 2⁴ × 5² × 11 × 173, భాజకాలు 60, భాజకాల మొత్తం 2006568, సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆ మొత్తం వేసేటప్పుడు 16కీ 31, 25కీ 31 వస్తుంది. ఒకే సంఖ్యను రెండుసార్లు రాశామనుకుని ఒకటి కొట్టెయ్యకండి, రెండూ ఉండాలి.